ఓహ్రిద్ నీళ్ల వెంట

బాల్కన్ దేశాల టూర్ అనగానే ట్రావెల్స్ వాళ్లు చేతిలో పెట్టే కరపత్రం నిండా సముద్రమే ఉంటుంది. దుబ్రోవ్నిక్ కోట గోడలు, కోటోర్ అఖాతం, ఒడ్డున ఆగిన తెల్లటి ఓడలు. కొండలూ సరస్సులూ లోపలెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్కోప్యేలో దిగి, ఉత్తర మాసిడోనియా, అల్బేనియా, మాంటెనెగ్రో, బోస్నియా మీదుగా దుబ్రోవ్నిక్ చేరి విమానం ఎక్కడం మా దారి. హైదరాబాద్ నుంచి బయల్దేరిన మా బృందంలో సగం మంది సముద్రం కోసమే వచ్చారు. నాకు మాత్రం ఈ ప్రయాణమంతటిలో మనసుకు పట్టింది ఒక నీటి దారి. ప్రెస్పా అనే సరస్సులో చేరి, ఒక కొండ కడుపులోంచి దిగి, ఓహ్రిద్ సరస్సులో ఊటగా తేలి, డ్రిన్ నదిగా అల్బేనియా కొండలు దాటి సముద్రంలో కలిసే నీరు అది. దారిలో చాలాచోట్ల దాన్ని కలుసుకుంటూ వెళ్లాం.

స్కోప్యేలో ఒక పూటే ఉన్నాం. మదర్ థెరిసా పుట్టిన ఊరు. 1910లో ఆమె పుట్టేనాటికి ఇది ఒట్టోమన్ సామ్రాజ్యంలో భాగం, ఆమెది అల్బేనియన్ కుటుంబం. తర్వాత ఈ ఊరు సెర్బియా చేతికొచ్చింది, యుగోస్లావియాలో ఉంది, 1991లో స్వతంత్ర మాసిడోనియాకు రాజధాని అయింది. గ్రీసుతో పేరు తగాదా తీరాక 2019లో ఆ దేశం ఉత్తర మాసిడోనియాగా మారింది. ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగింది కూడా ప్రెస్పా ఒడ్డునే. ఊళ్లో పాత రైల్వే స్టేషన్ గోడ మీద గడియారం 5:17 దగ్గర ఆగిపోయి ఉంది. 1963 జులై 26 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సగం కూలిన ఆ స్టేషన్‌ను అలాగే ఉంచి మ్యూజియం చేశారు. గడియారానికి మరమ్మతు చేయలేదు.

అక్కణ్నుంచి మవ్రోవో కొండల మీదుగా ఓహ్రిద్‌కు బస్సులో దాదాపు మూడు గంటలు. మా బృందంలో నీటిపారుదల శాఖలో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. అందరం ఇంజనీరుగారు అనే పిలిచేవాళ్లం. కిటికీలోంచి వాగు కనిపిస్తే చాలు, అది ఎటు పారుతోందో చూసి చెప్పేవారు. "అమ్మా, ఇది తూర్పుకు పోతోంది, వార్దార్‌లో కలుస్తుంది. ఇంకాసేపట్లో వాలు మారుతుంది చూడండి." అన్నట్టే కాసేపటికి వాగులు పడమటికి పారసాగాయి. గైడు చరిత్ర చెప్తుంటే ఆయన నీళ్లు చెప్పేవారు. ఈ వ్యాసంలో నీళ్ల సంగతులు ఎక్కువుంటే ఆ చలవ ఆయనదే.

ఓహ్రిద్ సరస్సు వయసు పది లక్షల ఏళ్లకు పైమాట. భూమ్మీద సరస్సుల్లో చాలావరకు మంచుయుగం తర్వాత పుట్టినవే. కొన్ని వేల ఏళ్లకు ఒండ్రు నిండి పూడిపోతుంటాయి. ఓహ్రిద్ అలా పూడిపోలేదు. లోతు 288 మీటర్లు, విస్తీర్ణం దాదాపు 358 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని జీవజాతులు ఇందులో 200కు పైగా ఉన్నాయి. నత్తలు, స్పాంజ్‌లు, చేపలు, పురుగులు. సరస్సులో చేరిన నీరు బయటికి పోవడానికి సగటున 70 ఏళ్లు పడుతుందట. ఆ మాట విన్నాక ఒడ్డున కూర్చుని నీళ్లు చూస్తుంటే వేరుగా తోచింది. ఇవాళ సరస్సులోంచి బయటికి పోతున్న నీటిలో యుగోస్లావియా అధ్యక్షుడు టిటో కాలం నాటి వానచినుకు కూడా ఉండొచ్చు. ఇవాళ ఇందులో కలిపే మురికి మన మనవల కాలం దాకా ఉంటుందన్న లెక్కా దాని వెంటే వస్తుంది.

ఓహ్రిద్ ఊరి నుంచి సరస్సు అంచునే దక్షిణంగా వెళ్తే, అల్బేనియా సరిహద్దుకు కూతవేటు దూరంలో స్వేతి నౌమ్ మఠం ఉంది. 905 ప్రాంతంలో నౌమ్ అనే సన్యాసి దీన్ని కట్టించాడు. స్లావ్ ప్రజలకు తమ భాషలో చదువూ ప్రార్థనా నేర్పిన సిరిల్, మెథోడియస్‌ల శిష్యుల్లో ఆయన ఒకరు. ఆయన సమాధి మీద చెవి ఆనిస్తే గుండె చప్పుడు వినిపిస్తుందని నమ్మకం. ఇరుకైన చీకటి గదిలో బారు తీరి, మా బృందంలో ప్రతి ఒక్కరూ వంగి విన్నారు. నేనూ విన్నాను. బయట ఆవరణలో నెమళ్లు తిరుగుతున్నాయి. మన నెమళ్లే, తెల్లవి కూడా ఉన్నాయి. పెద్ద గోడ మీదెక్కి అరుస్తుంటే ఎక్కడో మన పల్లెటూరి తోటలో ఉన్నామనిపించింది. ఈ మఠం 1925 దాకా అల్బేనియాలో ఉండేది. ఆ ఏడు అల్బేనియా పాలకుడు అహ్మెత్ జోగు దీన్ని యుగోస్లావియాకు అప్పగించాడు. సరిహద్దు గీత జరిగింది. ఇక్కడి నీటి ఊటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

మఠం పక్కన చెట్ల మధ్య ఒక మడుగు ఉంది. అక్కడ పడవలో తిప్పుతారు. మోటారు ఉండదు, తెడ్డే. పడవ నడిపే ఆయన మడుగు మధ్యకు తీసుకెళ్లి, తెడ్డు పైకెత్తి పట్టుకుని, కిందికి చూడమన్నాడు. అడుగున తెల్లటి ఇసుక ఉడుకుతున్నట్టు లేచి పడుతోంది. ఒకచోట కాదు, చూసినచోటల్లా. ఇసుక మధ్య గుండ్రటి కళ్లలాంటి గుంతలు, వాటిలోంచి నీరు పొంగుతూ, పక్కనే ఆకుపచ్చటి నాచు ఆ పొంగుకు అటూ ఇటూ ఊగుతూ కనిపించాయి. మహానంది కోనేట్లో అడుగున పడ్డ నాణెం బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు. ఇదీ అంతే తేట. చెయ్యి పెడితే జివ్వుమంది. పడవాయన చేత్తో నీళ్లు తీసుకుని తాగి, మమ్మల్నీ తాగమన్నాడు. తాగాం.

ఈ నీరు ఎక్కడిదని ఇంజనీరుగారు అడిగారు. పడవాయన తెడ్డుతో కొండ వైపు చూపించాడు. అది గలిచిత్సా కొండ. దానికి అవతల ప్రెస్పా సరస్సు ఉంది. ఓహ్రిద్ కంటే సుమారు 150 మీటర్ల ఎత్తులో. ప్రెస్పా నుంచి పైకి కనిపించే కాలువ ఏదీ బయటికి రాదు. నీరు సున్నపురాయి బొరియల్లోకి దిగి, కొండ కిందుగా ప్రయాణించి, ఇక్కడ ఊటలై తేలుతుంది. స్థానికులు ఈ మాట తరతరాలుగా చెప్పుకునేవారు. ఈ శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలు ప్రెస్పా గట్టున నీరు ఇంకిపోయే చోట రంగు కలిపి చూస్తే అది ఇవతలి ఊటల్లో కనిపించింది. ఓహ్రిద్‌కు చేరే నీటిలో దాదాపు సగం ఇలా ఊటల ద్వారా వచ్చేదే. కొండే వడపోసి పంపుతుంది కాబట్టి సరస్సు అంత తేటగా ఉంది. ప్రెస్పాను మూడు దేశాలు పంచుకుంటాయి. మాసిడోనియా, అల్బేనియా, గ్రీసు. 2000 ఫిబ్రవరి 2న ఆ మూడు దేశాల ప్రధానులు కలిసి దాన్ని ఉమ్మడి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రెస్పా మట్టం మాత్రం కొన్ని దశాబ్దాలుగా తగ్గుతూనే ఉంది. అక్కడ తగ్గితే ఇక్కడ ఊట తగ్గుతుంది. ఇంజనీరుగారు చాలాసేపు మాట్లాడకుండా ఆ కొండనే చూస్తూ ఉండిపోయారు.

ఓహ్రిద్ ఊరు కొండ వాలున ఉంటుంది. సన్నటి రాతి సందులు, పై అంతస్తు వీధి మీదికి ముందుకొచ్చిన తెల్లటి ఇళ్లు, ఎటు తిరిగినా ఒక చిన్న చర్చి. అన్నింటికన్నా అందమైనది కానేయో దగ్గర సరస్సు మీదికి తొంగిచూసే సెయింట్ జాన్ చర్చి. సాయంత్రం ఎండ దాని ఇటుకల మీద పడుతున్నప్పుడు వెళ్లండి, పొద్దున్న వద్దు. ఈ ఊళ్లోనే క్లెమెంట్ అనే గురువు వేలమందికి స్లావిక్ భాషలో చదువు చెప్పాడు. రష్యా నుంచి సెర్బియా దాకా ఇవాళ కోట్లమంది వాడే సిరిలిక్ లిపి స్థిరపడటంలో ఈ గురుశిష్య పరంపర పాత్ర పెద్దది.

బజారులో ఓహ్రిద్ ముత్యాలు అమ్ముతారు. ఇవి ఆల్చిప్పలో పుట్టే ముత్యాలు కావు. ప్లాషిత్సా అనే చిన్న చేప పొలుసుల నుంచి తీసిన ద్రవంతో గవ్వ గుల్ల పూసలకు పూత పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకో పూత. ఇలా చాలాసార్లు. పూత ద్రవంలో ఏమేం కలుపుతారన్నది ఊళ్లో రెండు కుటుంబాలకే తెలుసునంటారు. ఒక దుకాణంలో వెనక గదిలోకి చూడనిచ్చారు. పూత పూసి ఆరబెట్టిన పూసలు వరసలుగా ఉన్నాయి. దీపం కింద వాటి మెరుపు పాలరంగులోంచి లేత గులాబీకి తిరుగుతోంది. ముత్యాల నగరం నుంచి వచ్చిన ఆడవాళ్లం కదా, వెలుతురులో పెట్టి, తిప్పి, పంటికి రుద్ది మరీ చూశాం. దుకాణం ఆవిడ నవ్వి, పంటి పరీక్ష వీటికి పనికిరాదని చెప్పింది. చెల్లికి ఒక జత దుద్దులు కొన్నాను.

సరస్సు నీరు బయటికి పోయేది ఉత్తరాన స్ట్రుగా అనే చిన్న పట్నంలో. నల్ల డ్రిన్ నది అక్కడే మొదలవుతుంది. ఊరి మధ్యగా, రెండు పక్కలా రాతి గట్ల నడుమ నిండుగా పారుతుంది. పిల్లలు వంతెన మీంచి దూకి ఈదుతున్నారు. ఆ వంతెన మీదే ఏటా వేసవి చివర కవిత్వ సభలు జరుగుతాయి. 1960ల నుంచీ ప్రపంచం నలుమూలల కవులు వచ్చి ఇక్కడ చదువుతున్నారు. వాళ్లిచ్చే స్వర్ణమాల పురస్కారం ఆడెన్‌కు, నెరూడాకు వచ్చింది. 1983లో మన హిందీ కవి అజ్ఞేయకు వచ్చింది. ఆ సంగతి మా బృందంలో ఎవరికీ తెలియదు. మన దేశంలోనూ తెలిసినవాళ్లు తక్కువేననుకుంటాను. తెలియాల్సిన విషయం.

ఈ నదికి ఇంకో కథ ఉంది. పాములా పొడుగ్గా ఉండే మలుగు చేప ఐరోపాలో ఎక్కడ పెరిగినా, గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్ మహాసముద్రంలోని సర్గాసో సముద్రానికే పోతుంది. ఓహ్రిద్ మలుగులు కూడా ఒకప్పుడు స్ట్రుగా దగ్గర డ్రిన్‌లోకి దిగి, అల్బేనియా కొండల గుండా సముద్రం చేరి, అక్కణ్నుంచి అంత దూరం వెళ్లేవి. వాటి పిల్లలు అదే దారిలో వెనక్కి వచ్చేవి. 1960ల నుంచి డ్రిన్ మీద ఒక్కొక్కటిగా ఆనకట్టలు లేచాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు బయటి నుంచి పిల్లల్ని తెచ్చి సరస్సులో వదులుతున్నారు. పెద్దయ్యాక అవి పోవడానికి దారి లేదు. ఆనకట్టలు కట్టిన మనిషి కాబట్టి ఇంజనీరుగారు దీని గురించి గైడును గుచ్చిగుచ్చి అడిగారు. చేపల మెట్లు ఎందుకు కట్టలేదని ఆయన ప్రశ్న. గైడు దగ్గర జవాబు లేదు. సరస్సుకు తగిలిన దెబ్బ ఇదొక్కటే కాదు. 1962లో సతేస్కా అనే ఏటిని దాని సహజమైన దారి మళ్లించి సరస్సులోకి వదిలారు. దాంతో ఒండ్రూ పొలాల ఎరువులూ సరస్సులో చేరసాగాయి. ఒడ్డు పొడుగునా లెక్కలేని కట్టడాలు తోడయ్యాయి. 2021లో ఓహ్రిద్‌ను ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో పెట్టాలన్న సిఫార్సు దాకా విషయం వెళ్లింది. ప్రపంచ వారసత్వ కమిటీ అప్పటికి గడువిచ్చింది. పది లక్షల ఏళ్లు బతికిన సరస్సు మన రెండు తరాల చేతుల్లో ఈ స్థితికి రావడం చూస్తే బాధ కలుగుతుంది.

అల్బేనియాలోకి దాటగానే రోడ్డు పక్కన పుట్టగొడుగుల్లా కాంక్రీటు బంకర్లు కనిపిస్తాయి. నియంత ఎన్వర్ హోజా కాలంలో దేశమంతా 1,70,000కు పైగా కట్టించారు. ఏ శత్రువూ రాలేదు. కొన్నిటిలో ఇప్పుడు గొర్రెలు తలదాచుకుంటున్నాయి. రాజధాని టిరానా రంగురంగుల మేడలతో, కిక్కిరిసిన కాఫీ హోటళ్లతో హుషారైన నగరం. దాన్ని చూడటానికి ఒక రోజు చాలు.

నల్ల డ్రిన్, కొసావో నుంచి వచ్చే తెల్ల డ్రిన్ కుకెస్ అనే ఊరి దగ్గర కలుస్తాయి. మేం అటు వెళ్లలేదు. గైడు బస్సులో చెప్పాడు. పాత కుకెస్ 1970ల్లో ఫియెర్జా ఆనకట్ట నీళ్లలో మునిగింది. పైన కొత్త ఊరు కట్టారు. 1999లో కొసావో యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలమందికి ఆ కొత్త ఊరే ఆశ్రయమిచ్చింది. తమ ఊరు పోగొట్టుకున్నవాళ్లు ఇళ్లు పోయినవాళ్లకు తలుపులు తెరిచారు. నోబెల్ శాంతి బహుమతికి ఆ ఊరి పేరు ప్రతిపాదించారు. బహుమతి రాలేదు కానీ వచ్చుంటే బాగుండేదని నా అభిప్రాయం.

మేం డ్రిన్‌ను మళ్లీ కలుసుకున్నది కోమన్ జలాశయంలో. 1980ల్లో కట్టిన ఆనకట్ట వెనక నది రెండు నిట్టనిలువు కొండల మధ్య మెలికలు తిరుగుతూ నిలిచిపోయి, సరస్సు అయింది. పడవ ప్రయాణం రెండున్నర గంటలకు పైనే. కొన్నిచోట్ల కొండలు ఎంత దగ్గరగా వస్తాయంటే ముందు దారి లేదనిపిస్తుంది. పడవ మలుపు తిరిగాక మళ్లీ నీళ్లు తెరుచుకుంటాయి. మాది యాత్రికుల పడవే అయినా అందులో ఊళ్లవాళ్లూ ఉన్నారు. రోడ్డు లేని గూడేలకు ఈ పడవే బస్సు. ఒకచోట ఇల్లూ వాకిలీ కనిపించని ఒడ్డున పడవ ముక్కు ఆనించారు. నల్ల తలగుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ రెండు పిండి బస్తాలతో, ప్లాస్టిక్ కుర్చీతో దిగింది. పైనుంచి కాలిబాటన ఒక కుర్రాడు కంచరగాడిదను తోలుకొచ్చి బస్తాలు ఎక్కించాడు. కుర్చీ మాత్రం ఆవిడే నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. పడవ దూరమయ్యేదాకా మా వాళ్లు ఆవిడకేసి చేతులూపుతూనే ఉన్నారు. అల్బేనియాలో తయారయ్యే కరెంటు చాలావరకు నీటి నుంచే వస్తుంది. అందులో డ్రిన్ ఆనకట్టలదే పెద్ద వాటా. టిరానాలో వెలిగిన దీపాల్లో ఈ నది ఉంది. ఆవిడ ఇంటికి మాత్రం బస్తా మోసుకుని వెళ్లాల్సిందే.

ష్కోడర్ ఊరికి దక్షిణాన గుట్ట మీద రోజాఫా కోట ఉంది. ఈ యాత్రలో నన్ను నిలబెట్టేసిన చోటు ఏదంటే ఇదే అంటాను. దానికో కథ ఉంది. ముగ్గురు అన్నదమ్ములు ఈ కోట గోడ కడుతున్నారట. పగలు కట్టింది రాత్రికి కూలిపోతోంది. ఆ దారిన వచ్చిన ఒక ముసలాయన, రేపు మీకు అన్నం తెచ్చే ఇల్లాలిని గోడలో పెట్టి కట్టండి, నిలుస్తుంది అన్నాడు. ఇంట్లో ఈ మాట చెప్పకూడదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. పెద్దవాళ్లిద్దరూ ఒట్టు తప్పి భార్యలకు చెప్పేశారు. చిన్నవాడు చెప్పలేదు. మర్నాడు అన్నం గంప పట్టుకుని వచ్చింది చిన్నకోడలు రోజాఫా. సంగతి విన్నాక ఆమె ఒక్కటే కోరిందట. ఇంట్లో పసివాడున్నాడు, వాడికి పాలివ్వడానికి కుడి రొమ్ము, నిమరడానికి కుడి చెయ్యి, ఊయల ఊపడానికి కుడి కాలు బయటికి వదిలి కట్టండి.

కోట ద్వారం దగ్గర గోడ రాళ్లలోంచి సున్నపు నీరు తెల్లగా కారుతుంటుంది. పాలు పడని తల్లులు ఆ నీటిని రొమ్ముకు రాసుకునేవారట. మేం వెళ్లినప్పుడు అక్కడ తడి మరకలు మాత్రం ఉన్నాయి. వేలితో తాకితే పిండిలా అంటుకుంది. రోజాఫా కథ వింటూనే మా బృందంలో అనంతపురం ఆవిడ ఒకరు, "మా ముసలమ్మ కథే కదా ఇది!" అన్నారు. నాకూ అదే తట్టింది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తేనే ఆగుతుందన్నారు. ఆమె వెళ్లి కట్టకు బలైంది. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యానికి ఆ కథే ఆధారం. అక్కడా చిన్నకోడలే, ఇక్కడా చిన్నకోడలే. సెర్బియా జానపద గాథల్లోనూ ఇదే కోట మీద ఇదే కథ ఉంది. అమెరికన్ జానపద పరిశోధకుడు ఆలన్ డండస్ 1996లో ఈ కథల మీద వ్యాసాలను పుస్తకంగా తెచ్చినప్పుడు బాల్కన్ కథల పక్కనే మన దేశపు కథలనూ చేర్చాడు. ఇన్ని చోట్ల ఊరు నిలబడటానికి ఇంటికి కొత్తగా వచ్చిన ఆడపిల్లనే ఎందుకు అడిగారు? ఎదురు చెప్పే అధికారం అందరికన్నా ఆమెకే తక్కువ కాబట్టి. ఆ గోడ ముందు నిలబడి కథలోని త్యాగాన్ని పొగడటం నా వల్ల కాలేదు. ఒట్టు తప్పిన ఇద్దరన్నల మీద కోపం వచ్చింది. మాట మీద నిలబడ్డవాడి మీదా వచ్చింది.

కోట పైనుంచి చూస్తే ఒక వైపు ష్కోడర్ సరస్సు, దాన్నుంచి బయల్దేరే బునా నది, దానిలో వచ్చి కలిసే డ్రిన్ కనిపిస్తాయి. 1858 శీతాకాలపు వరదలో డ్రిన్ దారి మార్చుకుని బునా వైపు తిరిగింది. ప్రెస్పా నుంచి కొండ కిందుగా వచ్చిన నీరు, స్వేతి నౌమ్‌లో మేం దోసిట పట్టి తాగిన నీరు, రోజాఫా గోడ కిందుగా పోయి ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తోందన్న మాట. 2010లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కోట కింది మైదానమంతా వరదలో మునిగింది.

మాంటెనెగ్రోలో కోటోర్ అందంగానే ఉంది. పాత ఊరు, వెనక కొండ మీదికి ఎగబాకిన కోట గోడ, సందుల నిండా పిల్లులు. ఓడల్లో దిగే జనం తాకిడికి మధ్యాహ్నం ఊళ్లో అడుగు తీసి అడుగు వేయలేం. నాకు దుర్మితోర్ కొండలు ఎక్కువ నచ్చాయి. దేవదారు అడవి మధ్య నల్ల సరస్సు, పైన జూన్‌లోనూ కరగని మంచు చారలు. తారా నది లోయ మీద 1940లో పూర్తయిన పెద్ద వంతెన ఉంది. 1942లో ఇటలీ సైన్యం దాటకుండా దాని ఒక కమానును పేల్చేయాల్సి వస్తే, కట్టిన ఇంజనీర్లలో ఒకరైన లాజర్ యావుకోవిచ్ తానే దగ్గరుండి పేల్చాడు. ఇటాలియన్లు పట్టుకుని అతన్ని చంపేశారు. వంతెన చివర అతని స్మారకం దగ్గర మా ఇంజనీరుగారు చెప్పులు విడిచి దండం పెట్టారు.

బోస్నియా వైపు దిగుతుంటే పీవా మఠం వస్తుంది. పదహారో శతాబ్దపు కట్టడం. పీవా నది మీద మ్రతిన్యే ఆనకట్ట కడుతున్నప్పుడు ఇది మునిగిపోవాల్సింది. 1969 నుంచి 1982 దాకా పన్నెండు పదమూడేళ్లు పనిచేసి, రాయి రాయీ విప్పి, కొన్ని కిలోమీటర్ల అవతల ఎత్తున తిరిగి కట్టారు. గోడల మీది చిత్రాలను వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, తీసి, మళ్లీ అతికించారు. లోపల వెలుగు తక్కువ. ఇంజనీరుగారు ఫోను టార్చి వేయకుండా, కళ్లు అలవాటు పడేదాకా నిలబడి, అతుకుల కోసం వెతికారు. ఒక దేవదూత రెక్క దగ్గర సన్నటి గీత చూపించారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన శ్రీశైలం ముంపు ప్రాంతంలో పనిచేశారట. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకు నంబర్లు వేసి విప్పి ఆలంపురానికి తరలించిన రోజులు అవి. "గుడిని కదిలించొచ్చమ్మా. నంబరు వేసుకుంటే చాలు. ఊరిని కదిలించలేం. ఎక్కడ కట్టినా అది వేరే ఊరే అవుతుంది" అన్నారు. ఇక్కడ పాత ప్లుజినే ఊరూ నీటి అడుగునే ఉంది.

మోస్తార్‌లో నెరెత్వా నది మీది పాత వంతెనను 1566లో ఒట్టోమన్ శిల్పి మిమార్ హైరుద్దీన్ కట్టాడు. ఒకే కమాను. నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన దాన్ని బోస్నియా యుద్ధంలో 1993 నవంబర్ 9న బోస్నియన్ క్రొయాట్ సేనలు ఫిరంగులతో కూల్చాయి. యుద్ధం ముగిశాక నదిలో పడ్డ రాళ్లను ఈతగాళ్లు వెలికి తీశారు. చాలావరకు పనికిరానంతగా దెబ్బతిన్నాయి. దాంతో మొదటిసారి రాయి తెచ్చిన తెనెలియా గనినే మళ్లీ తవ్వి, పాత పద్ధతిలోనే చెక్కి, ఇనుప బద్దెలతో బిగించి, సీసం పోసి కట్టారు. 2004 జులై 23న తెరిచారు. వంతెన మీద రాళ్లు అరికాళ్లకు నున్నగా తగులుతాయి. జారకుండా అడ్డంగా చెక్కిన గట్లను పట్టుకుని ఎక్కాలి. చివర ఒక రాతి మీద 1993ను మరవొద్దని రాసిపెట్టారు. దాని పక్కనే ఈత కుర్రాళ్లు యాత్రికుల దగ్గర డబ్బు పోగు చేసుకుని, సరిపోయాక ఇరవై మీటర్లకు పైనుంచి నదిలోకి దూకుతారు. పచ్చటి నీళ్లలో ఒక్క క్షణం మాయమై తేలగానే రెండు ఒడ్లనా చప్పట్లు. మునుపు యుద్ధం చూసిన ఒడ్లు అవే. కొత్తగా కట్టిన వంతెన పాతదానికి నకలంటూ పెదవి విరిచేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అదే గని, అదే నది, అదే ఊరి జనం. కట్టినవాళ్ల పట్టుదల చూశాక అది పాత వంతెనే అంటాను.

ఇక వెళ్లదలచినవాళ్లకు కొన్ని మాటలు. మే, జూన్ లేదా సెప్టెంబరులో వెళ్లండి. జులై, ఆగస్టుల్లో తీరమంతా జనమే, ఎండా ఎక్కువే. పలుమార్లు ప్రవేశానికి వీలుండే షెంగెన్ వీసా ఉంటే ఈ దేశాల్లో కొన్నాళ్లు తిరగనిస్తున్నారు. ఒక్కో దేశానికీ షరతులు వేరు, మారుతూనూ ఉంటాయి. బయల్దేరే ముందు ఆయా రాయబార కార్యాలయాల దగ్గర సరిచూసుకోండి. అల్బేనియాలో లెక్, మాసిడోనియాలో దెనార్, బోస్నియాలో మార్క్, మాంటెనెగ్రోలో యూరో చెల్లుతాయి. శాకాహారులు భయపడక్కర్లేదు. మట్టి మూకుడులో కాల్చిన చిక్కుడు గింజల తావ్చే గ్రావ్చే, పాలకూరో జున్నో పెట్టిన బురెక్, కాల్చిన ఎర్ర మిరపకాయలతో చేసే ఐవార్ పచ్చడి అన్నిచోట్లా దొరుకుతాయి. ఐవార్ సీసాలు నేను రెండు తెచ్చుకున్నాను, వారం తిరక్కుండా అయిపోయాయి. సముద్రతీరం ఎలాగూ అందరూ చూపిస్తారు. టూరుకు డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఓహ్రిద్‌లో కనీసం రెండు రాత్రులు ఉన్నాయా, స్వేతి నౌమ్ ఊటల్లో పడవ ఉందా? లేవంటే కోటోర్‌లో ఒక రోజు తగ్గించైనా సరే, పట్టుబట్టి పెట్టించుకోండి.